‘ది విండ్ రైజెస్’: ఏది నిలబడింది, ఏది తేలిపోయింది – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా చూసినవాళ్లు ఎవరు కలిసినా తిరిగి తిరిగి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులు ఒకచోట ఉంటే మేలని ఇది. ముగింపుతో సహా కథంతా ఇందులో ఉంది కాబట్టి, ఇంకా చూడనివాళ్లు మొదటి మూడు ప్రశ్నలు చదివి ఆగిపోవచ్చు.

ఇంతకీ ఏమిటీ సినిమా?

స్టూడియో జిబ్లీ తరఫున హయావో మియాజాకి రాసి, దర్శకత్వం వహించిన యానిమేషన్ సినిమా. 2013 జులై 20న జపాన్‌లో విడుదలైంది. అక్కడి పేరు ‘కజే తచిను’. నిడివి 126 నిమిషాలు. ఆ ఏడాది జపాన్ థియేటర్లలో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసింది ఇదే.

జిరో హోరికోషి అనే కుర్రాడికి విమానాల పిచ్చి. చూపు మందం, కాబట్టి పైలట్ కాలేడు. నడపలేకపోతేనేం, తయారుచేద్దాం అనుకుంటాడు. ఇంజినీరై, మిత్సుబిషిలో చేరి, ఓడిపోతూ నేర్చుకుంటూ చివరికి తను కలగన్న విమానాన్ని గాల్లోకి లేపుతాడు. మధ్యలో నహోకో అనే అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు. ఆమెకి క్షయ. అతను చేసిన విమానం యుద్ధ విమానం. ఈ చివరి రెండు వాక్యాల దగ్గరే గొడవంతా ఉంది.

నిజంగా జరిగిన కథేనా?

సగం నిజం, సగం అల్లిక. మియాజాకి ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి ఒక్క పాత్రలో కలిపేశాడు. విమానాల వైపు ఉన్నదంతా అసలు జిరో హోరికోషిది. ఆయన 1903లో గున్మా ప్రాంతంలోని ఫుజియోకాలో పుట్టాడు, టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో చదివాడు, నాగోయాలో మిత్సుబిషి విమానాలు డిజైన్ చేశాడు, 1982లో పోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన జీరో ఫైటర్ ఆయన చేతి పనే.

ప్రేమకథ వైపు ఉన్నది తత్సువో హోరి అనే రచయితది. ఆయనకి నిశ్చయమైన అమ్మాయి 1935లో ఫుజిమి శానటోరియంలో క్షయతో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి వచ్చిన చిన్న నవల పేరునే మియాజాకి సినిమాకి పెట్టుకున్నాడు. నహోకో పేరు కూడా హోరి రాసిన ఇంకో నవల నుంచి తెచ్చుకున్నదే. సినిమా పోస్టర్ మీదే ఇద్దరికీ నివాళి అని రాసి ఉంటుంది, కాబట్టి దాచిందేమీ లేదు. అసలు హోరికోషి మాత్రం పిల్లాపాపలతో సంసారం చేసుకున్న మనిషి.

ఈ కలపడం వల్ల సినిమాకి లాభమూ ఉంది, నష్టమూ ఉంది. నష్టం సంగతి నహోకో ప్రశ్న దగ్గర చెప్తాను.

జిబ్లీ సినిమా కదా, పిల్లలకి చూపించొచ్చా?

చూపించకూడని బొమ్మలేం లేవు గానీ, ‘టోటోరో’ చూసి మురిసిపోయిన ఆరేళ్ల పిల్లాడు అరగంటలో లేచి వెళ్లిపోతాడు. మాట్లాడే పిల్లి లేదు, దయ్యం లేదు. స్లయిడ్ రూలు పట్టుకుని లెక్కలేసుకునే మనిషి ఉన్నాడు. అమెరికాలో దీనికి పీజీ-13 సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటర్ దాటినవాళ్లకైతే హాయిగా చూపించవచ్చు, అందులోనూ ఇంట్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లుంటే తప్పక చూపించండి.

దీని అసలు బలం ఏమిటి?

పనిని తెర మీద చూపించిన తీరు. అందరూ ముందు మేఘాలు, గడ్డి, గాలి అంటారు. అవి జిబ్లీ వాళ్లకి చేతిలో పని. ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఆలోచిస్తుంటే దాన్ని రెండు గంటలు చూడబుద్ధయ్యేలా తీయడం మాత్రం మామూలు డైరెక్టర్ల వల్ల కాదు.

ఉదాహరణకి భోజనం సీను తీసుకోండి. జిరో చేప తింటుంటాడు. ముల్లు ఒకటి పైకెత్తి చూసి, దాని వంపు ఎంత బాగుందో అని మురిసిపోతాడు. ఎదురుగా కూర్చున్న స్నేహితుడు హోంజో విసుక్కుంటాడు. ఆ వంపు తర్వాత రెక్కలోకి వస్తుంది. రివెట్ల (రేకుల్ని కలిపి బిగించే మేకుల) తలలు రేకు పైకి పొడుచుకు రాకుండా చదునుగా దిగ్గొడితే గాలి ఒరిపిడి ఎంత తగ్గుతుందో చెప్పడానికి మియాజాకి ఒక మీటింగే పెడతాడు. కుర్ర ఇంజినీర్లంతా ముందుకు వంగి వింటుంటారు. వాళ్ల మొహాల్లో ఉన్న ఉత్సాహం చూస్తే, రివెట్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి కూడా హుషారొస్తుంది.

అదే మీటింగులో ఇంకో మాట పడుతుంది. బరువు తగ్గించడానికి ఒక దారి ఉంది, తుపాకులు తీసేస్తే సరిపోతుంది అంటాడు జిరో. గదంతా పగలబడి నవ్వుతుంది. జోకు అయిపోయి పని మొదలవుతుంది. ఈ సినిమా యుద్ధం గురించి ఏమనుకుంటోందో తెలుసుకోవాలంటే ఆ నవ్వు దగ్గర ఆగి చూడాలి.

ఎడ్ల సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీలో తయారైన కొత్త విమానాన్ని టెస్టింగ్ మైదానానికి ఎడ్లబండి మీద లాక్కెళ్తారు. ఇది సినిమా కోసం కల్పించింది కాదు, నాగోయాలో తయారైన విమానాలు కగమిగహరా మైదానానికి వెళ్లింది అలాగే. జర్మనీకన్నా, అమెరికాకన్నా ఇరవై ఏళ్లు వెనకబడి ఉన్నాం అని హోంజో వాపోతుంటే అతని మాట నమ్మడానికి ఇంకేం సాక్ష్యం అక్కర్లేదు.

భూకంపం సీను గురించి అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

1923 సెప్టెంబర్ 1న వచ్చిన కాంటో భూకంపం అది. టోక్యో, యోకోహామా బూడిదయ్యాయి. సినిమాలో నేల దుప్పటి దులిపినట్టు అలగా లేస్తుంది. ఇళ్ల వరస మొత్తం ఆ అల మీద ఎగిరి పడుతుంది. రైలు ఆగిపోతుంది, జనం దిగి పరిగెడతారు.

జనం పరుగులు తీసే ఒక్క షాటు, తెర మీద నాలుగే నాలుగు సెకన్లు, గీయడానికి ఒక యానిమేటర్‌కి ఏడాది మీద మూడు నెలలు పట్టింది. ఎందుకంత కాలమంటే గుంపులో ప్రతి మనిషీ వేరుగా కదులుతాడు. ఒకడు మూట మోస్తుంటాడు, ఒకావిడ పిల్లని లాగుతుంటుంది, ఒకరు వెనక్కి తిరిగి చూస్తుంటారు. కంప్యూటర్లో పదిమందిని గీసి వెయ్యిమందిగా అతికించే రోజుల్లో ఇలా కూర్చుని గీయించడం మొండితనమే. నాకైతే ఆ మొండితనం కనిపించింది, నచ్చింది.

అదే సీన్లో జిరో తన స్లయిడ్ రూలుని కాలు విరిగిన పనమ్మాయికి బద్దలా కట్టి, ఆమెని వీపున వేసుకుని నడుస్తాడు. ఆ పనమ్మాయి నహోకో వాళ్లింట్లోది. లెక్కలు కట్టే పరికరం మనిషికి ఊతమైన సందర్భం సినిమా మొత్తంలో ఇదొక్కటే.

చప్పుళ్లన్నీ నోటితో చేశారట, నిజమేనా?

నిజమే. ఇంజన్ మోత, ప్రొపెల్లర్ తిరుగుడు, రైలు, భూకంపం హోరు, వీటిలో చాలా వాటిని మనుషుల గొంతుతోనే పలికించారు. అందుకే భూమి కంపించేటప్పుడు ఏదో పెద్ద జంతువు మూలిగినట్టు ఉంటుంది. పైగా స్టీరియో, డాల్బీ హడావిడి లేకుండా మోనో సౌండులో వదిలారు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే ‘ఇదేంటి, అంతా ఒకేచోటు నుంచి వస్తోందా’ అని డౌటొస్తుంది. సెట్టింగులు మార్చకండి, అది అంతే.

జిరో గొంతు అంత సప్పగా ఎందుకుంది?

ఆ గొంతు నటుడిది కాదు. ‘ఇవాంజెలియన్’ తీసిన డైరెక్టర్ హిదేఆకి అన్నో చేత చెప్పించారు. డబ్బింగ్ ఆర్టిస్టుల్లా ఎత్తుపల్లాలు లేకుండా, ఏదో ఆలోచిస్తూ పైపైన జవాబిస్తున్నట్టు మాట్లాడతాడు. జపాన్‌లో చాలామందికి ఇది నచ్చలేదు.

నామట్టుకు ఆఫీసు సీన్లలో అన్నో అచ్చంగా సరిపోయాడు. పని తలకెక్కిన మనిషి ఇంట్లోవాళ్లతో మాట్లాడేది అలాగే. ప్రేమ సీన్లలో మాత్రం దెబ్బ తగిలింది. నహోకో రక్తం కక్కుకుందని తెలిసి జిరో రైల్లో కళ్లనీళ్లు పెట్టుకుంటూనే లెక్కలు వేసే ఘట్టం ఉంది. అక్కడ మాటలు లేవు కాబట్టి గట్టెక్కింది. మాటలున్న చోట, ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్నది కూడా రిపోర్టు చదివినట్టే వినిపిస్తుంది.

యుద్ధ విమానం చేసినవాణ్ణి హీరోని చేసి చూపించడం తప్పు కాదా?

అందరూ మొదట అడిగేది ఇదే. రెండు వైపులా సరుకుంది.

ముందు సినిమా ఏం చూపించిందో చూద్దాం. హోంజో బాంబర్ చేస్తుంటాడు. దీంతో ఎవరి మీద బాంబులు వేస్తారు అని జిరో అడిగితే చైనా, రష్యా, బ్రిటన్, హాలండ్, అమెరికా అని వరసపెట్టి చెప్తాడు హోంజో. చెప్పి, మనం ఆయుధాల వ్యాపారులం కాదు, మంచి విమానాలు చేయాలంతే అంటాడు. ఒక రాత్రి వీధి దీపం కింద అమ్మానాన్నల కోసం ఎదురుచూస్తున్న పిల్లలకి జిరో తను కొనుక్కున్న సైబీరియా కేకు ఇవ్వబోతాడు. వాళ్లు తీసుకోకుండా పరుగెత్తి వెళ్లిపోతారు. హోంజో కడిగేస్తాడు: ఆ విమానాల మీద పోసే డబ్బుతో దేశంలో ఇలాంటి పిల్లలందరికీ తిండి పెట్టొచ్చు, అయినా మనకి ఈ పని దొరికింది, చేస్తాం. అంటే మియాజాకికి తెలియక కాదు. తెలిసే, తన హీరోకి తెలిసీ ఆగడని చూపించాడు.

చూపించనిది కూడా చిన్నదేం కాదు. సినిమాలో ఆఖరున గాల్లోకి లేచేది జీరో కాదు, దానికి ముందు 1935లో చేసిన ఫైటర్. జీరో మొదటిసారి ఎగిరింది 1939 ఏప్రిల్ 1న. 1940 సెప్టెంబర్‌లో చైనాలోని చోంగ్‌చింగ్ మీద మొదటి పోరాటం చేసింది. ఆ తర్వాత పర్ల్ హార్బర్, ఆఖర్లో పైలట్లు తమతో సహా ఓడల మీద పడేసే దాడులు. పదివేలకు పైగా తయారయ్యాయి. సినిమా వీటన్నిటినీ ఒక్క గంతులో దాటేసి, శకలాల గుట్ట మధ్య నడుస్తున్న జిరో దగ్గర తేలుతుంది.

నాకు మింగుడు పడనిది ఇంకొకటి ఉంది. జీరో అంత తేలిగ్గా, అంత దూరం ఎగరగలిగింది పైలట్ వెనక ఉక్కు కవచం లేకపోవడం వల్ల, గుండు తగిలితే తనంతట తాను పూడుకునే పెట్రోల్ ట్యాంకులు లేకపోవడం వల్ల. తక్కువ బలమున్న ఇంజన్‌తో నేవీ అడిగిన వేగం, దూరం తేవాలంటే అవి వదులుకోక తప్పలేదు. జిరో మురిసిపోయిన ఆ తేలికదనానికి వెల కట్టింది లోపల కూర్చున్న కుర్రాళ్లు. రివెట్ల గురించి అంత వివరంగా చెప్పిన సినిమా ఈ ఒక్క ఇంజినీరింగ్ నిజం దగ్గర నోరు మెదపదు. సీను ఒక్కటి పడి ఉంటే చాలు, విమర్శకుల్లో సగంమంది నోరు మూసుకునేవారు.

అయితే ‘యుద్ధాన్ని పొగిడింది’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పొగిడే సినిమా అయితే విజయం చూపించాలి. ఇందులో ఒక్క శత్రు విమానం కూడా కూలదు. ఆఖర్లో కనిపించే శకలాలు జిరో చేసిన విమానాలవే.

కొరియాలో, జపాన్‌లో ఎందుకు గొడవైంది?

కొరియా వాళ్లది న్యాయమైన కోపం. మిత్సుబిషి నాగోయా విమాన ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో కొరియా ఆడపిల్లల చేత వెట్టి చేయించారు. ఆ కేసులో 2018 నవంబర్‌లో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. సినిమా కథ ఆ యుద్ధకాలానికి ముందే ఆగిపోతుంది నిజమే, కానీ ఫ్యాక్టరీ అదే.

జపాన్‌లో జాతీయవాదులకి ఇంకో కారణంతో కోపం. సరిగ్గా సినిమా విడుదలైన నెలలోనే జిబ్లీ సొంత పత్రిక ‘నెప్పూ’లో మియాజాకి ఒక వ్యాసం రాశాడు. రాజ్యాంగాన్ని మార్చి యుద్ధానికి దారి తెరవొద్దన్నాడు, సైన్యం చెరబట్టిన ఆడవాళ్లకి క్షమాపణ చెప్పి పరిహారం ఇవ్వాలన్నాడు. దాంతో దేశద్రోహి అని తిట్టారు. బయట యుద్ధోన్మాది, ఇంట్లో ద్రోహి. రెండు వైపులా ఒకేసారి తిట్లు తినడం అందరి వల్లా కాదు.

మియాజాకి తండ్రి నడిపిన కంపెనీ యుద్ధకాలంలో జీరోలకి తోక భాగాలు తయారుచేసింది. ఆ ఇంట్లో ఆ డబ్బుతో పెరిగినవాడు, యుద్ధమంటే అసహ్యం, విమానాలంటే ప్రాణం. ఈ సినిమా జిరో కథ కాదు, మియాజాకి తన మీద తను వేసుకున్న విచారణ అని నేను అనుకుంటాను.

జపాన్ విమానాల గొడవ తెలుగువాళ్లకి ఎందుకు?

1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయని పాతతరం వాళ్లు చెప్పుకునేవారు. విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో ఆనాటి జపాన్ బాంబు ఒకటి పెట్టారు. ఆ బాంబులు మోసుకొచ్చిన విమానాలు హోరికోషి డిజైన్లు కావు, అది వేరే కంపెనీ సరుకు. ముందురోజు కొలంబో మీద దాడిలో బాంబర్లకి కాపలాగా వచ్చినవి మాత్రం జీరోలే. హోంజో చెప్పిన దేశాల వరసలో బ్రిటన్ అన్న మాట వినపడినప్పుడు నాకు విశాఖ రేవు గుర్తొస్తుంది. జపాన్ ప్రేక్షకుడికి ఆ మాట దగ్గర ఏం గుర్తొస్తుందో మరి.

మరి అతిపెద్ద లోపం ఏది? యుద్ధాన్ని దాటేయడమేనా?

కాదు. నహోకో.

యుద్ధం విషయంలో సినిమాకి తన హీరో మీద అనుమానం ఉంది. హోంజో అడుగుతాడు, పిల్లలు కేకు తీసుకోకుండా పారిపోతారు, ఆఖరికి శకలాలు కనిపిస్తాయి. నహోకో విషయంలో ఆ అనుమానం లేదు. ఆమె కొండ మీద గొడుగు కింద బొమ్మ వేస్తుంటే ఎంత అందంగా ఉంటుందో! గాలికి గొడుగు ఎగురుతుంది, జిరో పట్టుకుంటాడు, కాగితం విమానాలతో ఆడుకుంటారు. అంతా బాగుంది. కానీ ఆమె వేసే బొమ్మలు ఎలా ఉంటాయో, ఆమెకి దేని మీద కోపం వస్తుందో, చావు గురించి ఒంటరిగా ఉన్నప్పుడు ఏమనుకుంటుందో మనకి తెలియదు. జిరోకి చేప ముల్లు ఇచ్చారు, ఆమెకి అలాంటిది ఒక్కటీ ఇవ్వలేదు.

ఆమెకి దొరికిన గొప్ప సీను శానటోరియంలో ఉంది. వరండాలో, మంచులో, రోగులంతా దుప్పటి సంచుల్లో దూరి వరసగా పడుకుని ఉంటారు. క్షయకి మందు లేని రోజులు, చల్లగాలే వైద్యం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా ఆ కాలపు శానటోరియమే. నహోకో ఆ వరసలో పడుకుని జిరో ఉత్తరం చదువుకుంటుంది. మరి కాసేపటికి కొండ దిగి రైలెక్కేస్తుంది. మాటల్లేని ఆ కాసేపే ఆమె మనిషిలా కనిపిస్తుంది.

పెళ్లయ్యాక ఆమె రోజూ పొద్దున బుగ్గలకి రంగు పూసుకుంటుంది, పాలిపోయిన మొహం చూసి జిరో దిగులుపడకూడదని. ఈ సంగతి జిరోకి తెలియదు. డాక్టరు చదువు చదివిన చెల్లెలు కాయో చెప్పాల్సి వస్తుంది. వినగానే మనకి గుండె పిండేసినట్టవుతుంది, జిరో మొహంలో మాత్రం పెద్ద మార్పుండదు. ఇక్కడ కాయో వైపు నిలబడి ఉంటే ఇది ఇంకా గొప్ప సినిమా అయ్యేది.

కానీ ఏం జరుగుతుంది? విమానం ఎగిరే రోజున నహోకో ఇల్లు సర్ది, ఉత్తరాలు పెట్టి, నడక కోసమని చెప్పి వెళ్లిపోతుంది. కాయో వెంటపడి ఆపబోతే, జిరో పై అధికారి కురోకవ భార్య వద్దంటుంది. ప్రేమించినవాడికి తన అందమైన రూపం మాత్రమే చూపించి వెళ్లాలనుకుంది పాపం, అంటుంది. సినిమా ఆ మాటని తల వంచి ఒప్పేసుకుంటుంది. అందంగా ఉన్నంతవరకే చూడటం అన్నది జిరోకి విమానాల విషయంలో ఉన్న జబ్బు. అక్కడ ఆ జబ్బుని ఎత్తిచూపిన మియాజాకి, ఇక్కడ దాన్నే త్యాగమని మెచ్చుకున్నాడు. హోరి నవల నుంచి తెచ్చిన ప్రేమకథ హోరికోషి కథకి పూర్తిగా అతకలేదు, మొదట్లో నష్టం అన్నది ఇదే.

సిగరెట్ల గొడవ ఏమిటి?

సినిమాలో అందరూ తెగ తాగుతారు. జపాన్‌లో పొగాకు వ్యతిరేక సంఘం ఒకటి అభ్యంతరం చెప్తూ జిబ్లీకి లేఖ రాసింది. 1930ల ఇంజినీర్లు తాగేవారు, అది కాలం సంగతి అనేది అవతలివాళ్ల వాదన. ఆఫీసు సీన్లకి ఆ వాదన సరిపోతుంది.

పేచీ ఒకే ఒక్క చోట. రాత్రి జిరో ఒక చేత్తో పడుకున్న నహోకో చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో పని చేసుకుంటుంటాడు. సిగరెట్ తాగాలనిపించి చెయ్యి వదలమంటాడు. వదలను, ఇక్కడే తాగు అంటుందామె. ఊపిరితిత్తులు పాడైన భార్య పక్కనే వెలిగిస్తాడు. కొందరికి అది సినిమాలోకెల్లా గాఢమైన ప్రేమ సీను, కొందరికి ఒళ్లు మండే సీను. నాకు రెండూ అనిపిస్తాయి. మియాజాకి కావాలనే తీశాడు కాబట్టి దాన్ని తప్పు అనను.

హోటల్లో ఆకులు తినే ఆ జర్మన్ ఎవరు?

కాస్టోర్ప్. థామస్ మాన్ రాసిన శానటోరియం నవల ‘ది మ్యాజిక్ మౌంటెన్’లో హీరో పేరది. పళ్లెం నిండా ఆకుకూర పెట్టుకుని నములుతూ, నవ్వుతూ, జపాన్ చైనాతో యుద్ధం చేసింది మర్చిపో, మంచూరియాలో దేశం పెట్టింది మర్చిపో, నానాజాతి సమితి నుంచి బయటికొచ్చింది మర్చిపో అంటాడు. జపాన్ పేలిపోతుంది, జర్మనీ కూడా అంటాడు. ఆ తర్వాత పియానో ముందు కూర్చుంటే హోటలంతా పాట పాడుతుంది. రాజకీయం చెప్పాల్సిందంతా ఐదు నిమిషాల్లో, అదీ ఒక విదేశీ చేత చెప్పించేశారు. తెలివైన పనే, కొంచెం తప్పించుకోవడం కూడా. అతనికి గొంతిచ్చింది జిబ్లీలో పనిచేసిన స్టీవ్ ఆల్‌పర్ట్.

జిరోకి వచ్చే ఆ కలలు అవసరమా?

మొదటి కల, కాప్రోనితో మొదటి భేటీ, ఆఖరి కల, ఈ మూడూ అవసరం. మిగతావి లేకపోయినా నడిచేది. కాప్రోని నిజంగా ఇటలీ విమానాల డిజైనరే. జిబ్లీ అన్న పేరు కూడా ఆయన కంపెనీ విమానానిదే. మీసాలు, టోపీ, గట్టి నవ్వు, రెక్కల మీద నడకలు, సినిమాలో సరదా అంతా ఆయన మోశాడు. పిరమిడ్లున్న లోకం కావాలా, లేని లోకం కావాలా అని జిరోని అడుగుతాడు. ఆ ప్రశ్నని వేసినవాడు రాళ్లు మోసినవాడి తరఫున అడగలేదు. జిరో కూడా, నాకు అందమైన విమానం చేయాలనుంది అని జవాబు దాటేస్తాడు.

సెకండాఫ్ స్లో అంటారు, నిజమేనా?

స్లో కన్నా గజిబిజి అనాలి. ఏడాది ఏదో తెర మీద వేయరు. భూకంపం 1923, ఉద్యోగం 1927, తర్వాత జర్మనీ ప్రయాణం, ఆ తర్వాత ఓడిపోయిన విమానం, హోటలు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. రహస్య పోలీసులు జిరో కోసం వెతుకుతున్నారు అని ఒక టెన్షన్ మొదలుపెట్టి, కురోకవ ఇంట్లో దాక్కోగానే దాన్ని వదిలేస్తారు. ఎందుకు వెతికారో, ఎందుకు మానేశారో చెప్పరు. స్క్రిప్టులో ఇదే పెద్ద చిల్లు. నహోకో ప్రేమకథ మొదలయ్యాక విమానాల కథ వేగం తగ్గిన మాట నిజం. నాకది ఇబ్బంది అనిపించలేదు గానీ, కళ్లు మూతలు పడ్డాయనేవాళ్లని తప్పు పట్టను.

సంగీతం?

జో హిసైషి. మాండలిన్‌తో ఇటలీ వాసన, పియానోతో నహోకో. హడావిడి చేయలేదు. ఆఖర్లో వచ్చే ‘హికోకి గుమో’ 1973లో యుమి మత్సుతోయ తన పెళ్లికి ముందు పేరుతో పాడిన పాట, చిన్నవయసులో పోయిన ఒకరి గురించి. నలభై ఏళ్ల ముందు రాసిందంటే నమ్మబుద్ధి కాదు. పేర్లు పడుతున్నాయి కదా అని ఆపేయకండి.

ముగింపు అర్థం కాలేదు. జిరో పశ్చాత్తాపపడ్డాడా?

పడ్డట్టు సినిమా చెప్పదు. టెస్టు రోజున విమానం అనుకున్నదానికన్నా బాగా ఎగురుతుంది. అందరూ గంతులేస్తుంటే, గాలి వీచిన వైపు తల తిప్పి జిరో కొయ్యబారిపోతాడు. అప్పటికి నహోకో వెళ్లిపోయింది. తర్వాత సీను కల: శకలాలు, పచ్చిక, కాప్రోని. పైన తెల్లటి జీరోల గుంపు వెళ్తుంది. ఒక్కటి కూడా తిరిగి రాలేదు అంటాడు జిరో. నహోకో కనపడి, బతుకు అని చెప్పి గాలిలో కలిసిపోతుంది. రండి, మంచి వైన్ ఉంది అంటాడు కాప్రోని.

ఒక్కటి కూడా రాలేదు అన్నప్పుడు జిరో విమానాల గురించి అంటున్నాడా, వాటిలో వెళ్లిన మనుషుల గురించా అన్నది తేల్చలేదు. అన్నో సప్పటి గొంతు ఇక్కడ బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఏడుపు గొంతుతో చెప్పి ఉంటే క్షమించేసేవాళ్లం. నాకు కష్టమనిపించేది ఆ వెంటనే నహోకో వచ్చి బతకమని చెప్పడం. యుద్ధానికి, ఆమె చావుకి కలిపి ఒకే ఓదార్పు ఇచ్చేశారు. తిరిగి రాని పైలట్ల తరఫున ఎవరూ వచ్చి ఏమీ చెప్పరు.

అవార్డులేమైనా వచ్చాయా?

వెనిస్ ఉత్సవంలో పోటీలో నిలిచింది. అక్కడే మియాజాకి రిటైరవుతున్నట్టు ప్రకటన వచ్చింది. 2014 ఆస్కార్‌కి నామినేట్ అయి ‘ఫ్రోజెన్’ చేతిలో ఓడింది. జపాన్ అకాడమీ యానిమేషన్ బహుమతి మాత్రం దక్కింది. రిటైర్మెంట్ సంగతంటారా, 2023లో ఇంకో సినిమా తీసి ఆస్కార్ కొట్టాడు పెద్దాయన.

ఏ ఆడియోలో చూడాలి? చూశాక ఇంకేం చూడాలి?

జపనీస్ ఆడియోతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఇంగ్లీష్ డబ్బింగ్‌లో జోసెఫ్ గోర్డన్-లెవిట్ బాగానే చెప్పాడు, అయితే జిరోని మరీ మంచివాణ్ణి చేసేశాడు. 2020లో జిబ్లీ సినిమాలతో పాటు ఇది మన నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది.

తర్వాత అదే దర్శకుడి ‘పోర్కో రోసో’ చూడండి, అందులో హీరో పంది మొహం పైలట్. విమానాల పిచ్చి అందులోనూ ఉంది, బరువు లేదు. ‘ది విండ్ రైజెస్’ కూడా మొదట మోడల్ విమానాల పత్రికలో బొమ్మల కథగా వచ్చింది, అందులో జిరోని పందిలాగే గీశాడు మియాజాకి. బాంబులు పడ్డ వైపు కథ కావాలంటే ఇసావో తకహతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ ఉంది. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. ఇక జిబ్లీలో ఈ సినిమా ఎలా తయారైందో, అన్నోని ఆ పాత్రకి ఎలా పట్టుకొచ్చారో తెలుసుకోవాలంటే ‘ది కింగ్‌డమ్ ఆఫ్ డ్రీమ్స్ అండ్ మ్యాడ్‌నెస్’ అని ఒక డాక్యుమెంటరీ ఉంది, అది చూడండి.